ప్లేబ్యాక్‌లో స్వరం రాసినంతసేపు ఎందుకు మోగడం లేదు? నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో నిడివి లెక్కల గురించి

ప్రశ్న
రాసినవారు: రాగలిపి

నమస్కారం. వయొలిన్, పియానోల కోసం రాసిన ఒక చిన్న రచనను రెండు వేర్వేరు నొటేషన్ (స్వరలిపి) సాఫ్ట్‌వేర్లలో ఎక్కించి విన్నాను. రెండింటిలోనూ స్కోరు పొల్లుపోకుండా ఒక్కటే. టెంపో నిమిషానికి 60 క్వార్టర్ నోట్లు. వయొలిన్ భాగంలో స్లర్లు (స్వరాలను కలిపి వాయించమనే వంపు గీతలు) గానీ, స్టకాటో చుక్కలు (స్వరాన్ని పొట్టిగా వాయించమనే గుర్తులు) గానీ లేని క్వార్టర్ నోట్లు వరుసగా ఉన్నాయి. మొదటి సాఫ్ట్‌వేర్‌లో ఆ స్వరాలు దాదాపు ఒకదాన్నొకటి అంటుకుని వినిపిస్తున్నాయి. రెండోదానిలో మాత్రం ప్రతి స్వరం తర్వాత చిన్న ఖాళీ స్పష్టంగా తెలుస్తోంది.

చెవి మీదే ఆధారపడకూడదని రెండింటి నుంచి మిడి ఫైళ్లు (ఏ స్వరం ఎప్పుడు మోగాలో సందేశాలుగా రాసి ఉంచేవి) తీసి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈవెంట్ల జాబితా తెరిచి చూశాను. క్వార్టర్ నోటుకు 480 టిక్కులు (కాలాన్ని కొలిచే చిన్న ప్రమాణాలు) ఉండాల్సిన చోట మొదటి ఫైలులో 456, రెండో ఫైలులో 408 ఉన్నాయి. స్వరాలు మొదలయ్యే స్థానాలు మాత్రం రెండింటిలోనూ సరిగ్గా 480 టిక్కుల ఎడంతోనే ఉన్నాయి.

ఇది సాఫ్ట్‌వేర్ లోపమా, లేక కావాలనే అలా పెట్టారా? కావాలనే పెడితే, ఈ రెండింటిలో ఏది సరైనదని అనుకోవాలి? స్కోరు ముఖం మీద ఒక్క గుర్తు కూడా మార్చకుండా ప్లేబ్యాక్ నిడివిని మాత్రమే సవరించుకునే పద్ధతి ఉందా? వాద్యకారులకు ఇచ్చే కాగితం మీద వినికిడి కోసం పెట్టిన అనవసరపు గుర్తులు ఉండడం నాకు ఇష్టం లేదు. ఇంకో విషయం కూడా అడగాలి. స్టకాటో చుక్క పెట్టిన వయొలిన్ స్వరాలు నేను కొత్తగా తీసుకున్న శాంపిల్ లైబ్రరీతో (నిజమైన వాద్యాల రికార్డింగుల సేకరణతో) వింటే మరీ తుంచేసినట్టు వినిపిస్తున్నాయి. దీనికీ పై సమస్యకూ సంబంధం ఉందా?

జవాబు
రాసినవారు: టిక్కులెక్క

రాగలిపి గారూ, మీరు ఈవెంట్ల జాబితా తెరిచి చూడడం వల్ల పని సగం తేలికైంది. 480లో 456 అంటే సరిగ్గా 95 శాతం, 408 అంటే సరిగ్గా 85 శాతం. ఇంత గుండ్రని శాతాలు వచ్చాయంటే అది లోపం వల్ల కాదు. ఏ గుర్తూ లేని మామూలు స్వరాన్ని రాసిన నిడివిలో ఎంత భాగం మోగించాలన్నది ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు ముందుగానే తీసుకున్న నిర్ణయం. మ్యూజ్‌స్కోర్ 2, 3 వెర్షన్లలో ఈ డిఫాల్ట్ 95 శాతం. డోరికోలో 85 శాతం. లిలీపాండ్‌లో ఆర్టిక్యులేట్ అనే స్క్రిప్టును జతచేస్తే ఎనిమిదింట ఏడు వంతులు, అంటే 87.5 శాతం. రాసిన నిడివికీ మోగే నిడివికీ మధ్య ఉండే ఈ నిష్పత్తినే గేట్ టైమ్ అంటారు. చుక్కలు, గీతలు పెట్టినప్పుడు మారేది కూడా ప్రధానంగా ఇదే. ఉదాహరణకు మ్యూజ్‌స్కోర్ 3లో స్టకాటోకు 50, స్టకాటిసిమోకు (మరీ పొట్టి స్వరం) 33, పోర్టాటోకు (మెత్తగా విడదీసిన స్వరం) 67, టెనూటోకు (పూర్తిగా పట్టి ఉంచే స్వరం) 100 శాతం చొప్పున వాద్యాల ఫైలులో రాసి ఉంటుంది.

అయితే మామూలు స్వరాన్ని నూటికి నూరు శాతం ఎందుకు మోగించకూడదన్న ప్రశ్న న్యాయంగానే వస్తుంది. దీనికి సంగీతపరమైన కారణం ఒకటి ఉంది, దాని గురించి ఇక్కడ నాకన్నా బాగా చెప్పగలవారు ఉన్నారు. నేను సాంకేతిక కారణం చెబుతాను. 1983లో వచ్చిన మిడి ప్రమాణంలో నిడివి అనే భావనే లేదు. ఫలానా ఛానల్‌లో ఫలానా కీ నొక్కారు అనే సందేశం ఒకటి, అదే కీని వదిలారు అనే సందేశం మరొకటి. ఈ రెండింటి మధ్య గడిచిన కాలాన్నే మనం నిడివిగా చదువుకుంటున్నాం. ఇప్పుడు ఒకే స్థాయి స్వరం రెండుసార్లు వెంటవెంటనే వచ్చిందనుకోండి. నూరు శాతం లెక్కన మొదటి స్వరాన్ని వదిలే సందేశం 480వ టిక్కు దగ్గర ఉంటుంది, రెండో స్వరాన్ని నొక్కే సందేశం కూడా అదే 480వ టిక్కు దగ్గర ఉంటుంది. వదలడం ముందు చేరితే రెండు స్వరాలూ వినిపిస్తాయి. నొక్కడం ముందు చేరితే, ఆ తర్వాత వచ్చిన వదిలే సందేశం కొత్తగా మొదలైన స్వరాన్నే ఆర్పేసే ప్రమాదం ఉంది, ఎందుకంటే తాను ఏ స్వరం కోసం వచ్చిందో చెప్పే గుర్తింపు ఆ సందేశంలో ఉండదు. ఛానల్, కీ సంఖ్య, కీని వదిలిన వేగం మాత్రమే ఉంటాయి. స్వరాలను కాస్త ముందుగా ముగిస్తే ఈ గొడవ అసలు తలెత్తదు.

మీరు విన్న ఖాళీ కాలంలో ఎంత ఉందో కూడా చూద్దాం. టెంపో 60 దగ్గర క్వార్టర్ నోటు ఒక సెకను. 95 శాతం అయితే ఖాళీ 50 మిల్లీసెకన్లు, 85 శాతం అయితే 150 మిల్లీసెకన్లు. ధ్వని చివర మెల్లగా సన్నగిల్లుతుంది కాబట్టి 50 మిల్లీసెకన్లు ఆ తోకలో కలిసిపోతాయి, 150 మిల్లీసెకన్లు కలవవు. అదే స్కోరును టెంపో 120 దగ్గర వింటే 85 శాతం వల్ల వచ్చే ఖాళీ 75 మిల్లీసెకన్లకు తగ్గుతుంది, అప్పుడు మీకు ఇంత ఇబ్బంది అనిపించేది కాదు.

నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. శాతం అనేది స్వరం పొడవును బట్టి పెరుగుతుంది. వాద్యకారుడు తీసుకునే విరామం అలా పెరగదు. కమాను దిశ మార్చడానికో, ఊదేవారు నాలుకతో స్వరాన్ని విడదీయడానికో పట్టే కాలం స్వరం పొడవుతో పాటు సాగిపోదు. టెంపో 60 దగ్గర నాలుగు సెకన్లుండే హోల్ నోటుకు 85 శాతం సూత్రాన్ని యథాతథంగా అన్వయిస్తే చివర 600 మిల్లీసెకన్ల నిశ్శబ్దం మిగులుతుంది. ఏ వయొలిన్ వాద్యకారుడూ రెస్టు లేని చోట అరసెకనుకు పైగా కమానును ఎత్తి పట్టుకోడు. అందుచేత ఎక్కువ భాగం నెమ్మదిగా, దీర్ఘస్వరాలతో సాగే రచనలకు శాతాన్ని 95కో అంతకన్నా పైకో జరపడం మంచిదని నా అభిప్రాయం. వేగంగా సాగే రచనలకు 85 చక్కగా నప్పుతుంది, స్వరాలు విడివిడిగా, స్పష్టంగా పలుకుతాయి.

స్కోరును ముట్టుకోకుండా సవరించడం గురించి అడిగారు కదా, అది పూర్తిగా సాధ్యమే. డోరికోలో లైబ్రరీ మెనూ కింద ప్లేబ్యాక్ ఆప్షన్లలో టైమింగ్ అనే విభాగం ఉంది. మామూలు స్వరానికీ, స్టకాటోకూ, టెనూటోకూ, లెగాటోకూ (స్వరాలను కలిపి వాయించడం) శాతాలను అక్కడ మార్చుకోవచ్చు. సిబేలియస్‌లో ప్లేబ్యాక్ డిక్షనరీలో ప్రతి గుర్తుకూ నిడివి శాతం ఉంటుంది. ఇవి మొత్తం స్కోరుకు వర్తించే మార్పులు. ఒక్కో స్వరాన్ని విడిగా సవరించాలంటే సిబేలియస్ ఇన్‌స్పెక్టర్‌లో లైవ్ డ్యురేషన్ అనే గడి ఉంది. డోరికోలో ప్లే మోడ్‌కు వెళ్లి పియానో రోల్‌లో మోగే నిడివిని చూపించే పట్టీ చివరను లాగవచ్చు. రాసిన నిడివి వేరే పట్టీగా కదలకుండా ఉంటుంది కాబట్టి కాగితం మీద ఏమీ మారదు. మ్యూజ్‌స్కోర్ 3 పియానో రోల్‌లో పూర్తి నిడివిని 1000గా లెక్కిస్తారు. అక్కడ 950 అని ఇస్తే 95 శాతం అన్నమాట.

మీరు చేయకూడని పని ఒకటి ఉంది. చాలామంది ఖాళీని పూడ్చడానికి ప్రతి బార్ మీదా ఒక స్లర్ గీసి, దాన్ని కనబడకుండా దాచేస్తారు. తర్వాత ఎవరైనా ఆ ఫైలును మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా (సాఫ్ట్‌వేర్ల మధ్య స్కోర్లు పంచుకునే ఫైలు రూపం) మార్చి వేరే చోట తెరిస్తే ఆ దాచిన స్లర్లు బయటపడి వాద్యకారుడిని తప్పుదారి పట్టించే అవకాశం ఉంది. నిడివి మార్పును నిడివి మార్పుగానే చేయండి. మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఇందుకోసమే ప్రతి స్వరానికీ అటాక్, రిలీజ్ అనే రెండు లక్షణాలు ఉన్నాయి. మోగడం రాసిన స్థానం కన్నా ఎంత ముందుగా లేదా ఆలస్యంగా మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో వాటితో చెప్పవచ్చు. అన్ని సాఫ్ట్‌వేర్లూ వాటిని పట్టించుకోవు కాబట్టి ఫైలు మార్చిన ప్రతిసారీ ఒకసారి విని చూసుకోవాలి.

జవాబు
రాసినవారు: పాతలిపి

పై జవాబులో వదిలిపెట్టిన సంగీతపరమైన కారణాన్ని నేను అందుకుంటాను. రెండింటిలో ఏది సరైనదని మీరు అడిగారు. ఈ ప్రశ్న కంప్యూటర్లు పుట్టకముందే చాలా కాలంగా నలుగుతోంది.

సి. పి. ఇ. బాఖ్ అనే జర్మన్ స్వరకర్త 1753లో కీబోర్డు వాదనం గురించి రాస్తూ, విడగొట్టమని గానీ కలపమని గానీ పట్టి ఉంచమని గానీ ప్రత్యేకంగా సూచించని స్వరాలను వాటి విలువలో సగం సేపు పట్టుకోవాలని చెప్పాడు. నేటి సాఫ్ట్‌వేర్లలో స్టకాటోకు ఇచ్చే విలువ అదే. 1789లో డానియెల్ గాట్‌లోబ్ ట్యుర్క్ దీనితో ఏకీభవించలేదు. మామూలు స్వరాన్నే సగానికి కుదిస్తే విడగొట్టి వాయించమని గుర్తు పెట్టిన స్వరానికీ దానికీ తేడా ఏమి మిగులుతుందన్నది ఆయన అభ్యంతరం. వేలిని స్వరం విలువ పూర్తయ్యే ముందు కాస్త ఎత్తితే చాలన్నాడు. ఇక 1801లో క్లెమెంతి పియానో బోధనలో, ప్రతి స్వరం పూర్తి విలువ వరకూ కీని నొక్కి ఉంచడమే మేలైన సాధారణ సూత్రమని రాశాడు. యాభై ఏళ్లలోపే మామూలు స్వరం సగం నుంచి నూరు శాతం దాకా వచ్చింది. ఈ ముగ్గురి ముందూ ఉన్న కాగితం మీది గుర్తు మాత్రం ఒక్కటే.

మీ విషయానికి మరీ దగ్గరగా ఉన్నవాడు ఎంగ్రామెల్ అనే ఫ్రెంచి సన్యాసి. వాద్యకారుడు లేకుండా తిరిగే సిలిండరు మీద ముళ్లు కొట్టి ఆర్గన్‌ను మోగించే విధానం గురించి ఆయన 1775లో ఒక గ్రంథం ప్రచురించాడు. ప్రతి ముల్లు పొడవునూ ముందే నిర్ణయించాలి, వాయించేటప్పుడు సర్దుకోవడానికి అక్కడ మనిషి లేడు. అందువల్ల ప్రతి స్వరంలోనూ ఒక భాగం ధ్వని, మిగిలిన భాగం ఆ స్వరాన్ని తర్వాతి స్వరం నుంచి విడదీసే నిశ్శబ్దం అని ఆయన తేల్చి చెప్పాడు, ఆ నిశ్శబ్దాన్ని కూడా కొలిచి రాయాల్సిందేనన్నాడు. నేటి గేట్ టైమ్ గడిలో మనం నింపుతున్న అంకె ఆయన ముల్లు పొడవే.

కాబట్టి 85, 95లలో ఒకటి ఒప్పు, మరొకటి తప్పు అని అనలేం. మీ రచన ఏ కాలపు శైలిలో, ఏ వాద్యం కోసం రాసిందో చూసి నిర్ణయించుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దపు నృత్య శైలిలో రాసినదానికి 95 శాతం బరువుగా, అతుక్కుపోయినట్టు వినిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు సుదీర్ఘ గేయ శైలికి 85 శాతం ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ మొత్తానికీ ఒకే అంకె పెట్టుకుని అన్ని స్కోర్లకూ దాన్నే వాడడం నాకు నచ్చదు. ప్రతి స్కోరుకూ దాని అంకె దానికి ఉండాలి.

జవాబు
రాసినవారు: శాంపిల్‌పెట్టె

మీ స్టకాటో సమస్య గురించి మాత్రమే చెబుతాను. దానికీ గేట్ టైమ్‌కూ నేరుగా సంబంధం ఉంది.

స్టకాటోను వినిపించడానికి రెండు దారులు ఉన్నాయి. మామూలు దీర్ఘస్వరపు శాంపిల్‌ను తీసుకుని సగంలో ఆపేయడం మొదటిది. వాద్యకారుడు నిజంగా స్టకాటోగా వాయించి రికార్డు చేసిన పొట్టి శాంపిల్‌ను ఎంచుకోవడం రెండోది. మీరు తీసుకున్న లైబ్రరీ రెండో దారిలో నడిచేదై ఉండాలి. నొటేషన్ సాఫ్ట్‌వేర్ చుక్కను చూసి కీస్విచ్ (శాంపిల్ రకాన్ని మార్చే సంకేతం) పంపి పొట్టి శాంపిల్‌ను పిలుస్తోంది, దానితో పాటు తన అలవాటు ప్రకారం నిడివిని 50 శాతానికి తగ్గిస్తోంది. అప్పటికే పొట్టిగా ఉన్న శాంపిల్ చివర సహజంగా ఆగిపోయే భాగం, అంటే తీగ కంపనం సద్దుమణిగే భాగం, మధ్యలోనే తెగిపోతోంది. మీకు తుంచేసినట్టు వినిపించేది ఆ తెగిన అంచే.

దీనికి పరిష్కారం ఎక్స్‌ప్రెషన్ మ్యాప్‌లో, అంటే ఏ గుర్తుకు ఏ శాంపిల్‌ను పిలవాలో చెప్పే పట్టికలో ఉంది. డోరికో వంటి సాఫ్ట్‌వేర్లలో ఒక్కో వాదనా పద్ధతికి విడిగా నిడివి శాతం ఇవ్వవచ్చు. స్టకాటో శాంపిల్‌ను పిలిచే వరుసలో ఆ శాతాన్ని పెంచి, మొత్తం స్కోరుకు వర్తించే 50 శాతం ప్రభావం ఈ ఒక్క వాద్యం మీద పడకుండా చూసుకోండి. కొన్ని లైబ్రరీల్లో పొట్టి శాంపిల్, కీని ఎప్పుడు వదిలినా పట్టించుకోకుండా చివరిదాకా మోగుతుంది. అలాంటివాటికి ఏ సవరణా అక్కర్లేదు. తాళవాద్యాల శాంపిళ్లు కూడా ఎక్కువగా ఇలాంటివే.

లెగాటోలో దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి ఉంటుంది. స్లర్ కింద ఉన్న రెండు స్వరాల మధ్య జారుడును రికార్డు చేసిన లైబ్రరీలు, మొదటి కీని వదలకముందే రెండో కీని నొక్కినప్పుడే ఆ జారుడు శాంపిల్‌ను వాడతాయి. ఒక్క టిక్కు ఖాళీ ఉన్నా వాటికది కొత్త స్వరం కిందే లెక్క. సరిగ్గా నూరు శాతం ఇచ్చినా పని జరగకపోవచ్చు, ఎందుకంటే పైన టిక్కులెక్క గారు చెప్పినట్టు వదిలే సందేశం ముందుగా చేరితే అతివ్యాప్తి ఉండదు. అందుకే లెగాటోకు నూరు దాటిన శాతం, ఉదాహరణకు 105, ఇస్తారు. అంటే స్వరం తన గడి దాటి పక్క స్వరం గడిలోకి కొంచెం చొచ్చుకువెళ్తుంది. కాగితం మీద చూస్తే అసంబద్ధంగా ఉన్నా, చెవికి అదే సహజమైన కలయికగా వినిపిస్తుంది. నోట్‌పెర్‌ఫార్మర్ అనే ప్లేబ్యాక్ సాఫ్ట్‌వేర్ ఈ సమస్యను ఇంకో విధంగా ఎదుర్కొంటుంది. అది ధ్వనిని సుమారు ఒక సెకను ఆలస్యంగా విడుదల చేస్తూ, ఆ వ్యవధిలో ముందు రాబోయే స్వరాలను చదివి, ఇప్పటి స్వరాన్ని ఎలా ముగించాలో నిర్ణయించుకుంటుంది.

ఒక చిన్న సూచన. నిడివులను సరిచూసేటప్పుడు రివర్బ్ (ప్రతిధ్వని) పూర్తిగా ఆపేసి, వాద్యాన్ని తాత్కాలికంగా ఆర్గన్‌కు మార్చి వినండి. పియానో ధ్వని దానంతటదే తగ్గిపోతుంది కాబట్టి ఖాళీలను కప్పేస్తుంది. ఆర్గన్ కీ వదిలే క్షణం దాకా ఒకే బలంతో మోగుతుంది కాబట్టి ఏ స్వరం ఎక్కడ ఆగిందో దాచలేదు.

రాగలిపి

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆర్గన్ ధ్వనితో విని చూశాక మామూలు స్వరానికి 94 శాతం పెట్టుకున్నాను, వయొలిన్ భాగం నేను మనసులో విన్నట్టుగానే సాగుతోంది. స్టకాటో వరుసలో శాతం పెంచగానే తెగుడు పోయింది.

దీనికి సంబంధించిందే మరొక ప్రశ్న మిగిలింది. పియానో కుడిచేతి భాగంలో ఒకే స్టాఫ్ (ఐదు గీతల వరుస) మీద రెండు వాయిస్‌లు (విడివిడి స్వర వరుసలు) రాశాను. పై వాయిస్‌లో జి స్వరం హాఫ్ నోటుగా ఉంది. కింది వాయిస్‌లో అదే జి, అదే క్షణంలో మొదలై క్వార్టర్ నోటుగా ముగిసి, ఆ తర్వాత ఎఫ్‌కు దిగుతుంది. ప్లేబ్యాక్‌లో పై వాయిస్ జి రెండో బీటు దాకా నిలవడం లేదు, మొదటి బీటు చివరే ఆగిపోతోంది. గేట్ టైమ్ ఎంత మార్చినా ఫలితం లేదు. ఇది కూడా ఆ వదిలే సందేశం వల్లనేనా?

జవాబు
రాసినవారు: టిక్కులెక్క

అవునండీ, అదే కారణం. రెండు వాయిస్‌లూ ఒకే మిడి ఛానల్‌లోకి వెళ్తున్నాయి. కింది వాయిస్ జి ముగిసినప్పుడు వెళ్లిన వదిలే సందేశం, ఆ ఛానల్‌లో జి కీని వదిలారని మాత్రమే చెబుతుంది. పై వాయిస్ ఇంకా పట్టుకునే ఉందన్న సంగతి దానికి తెలియదు. కొన్ని సింథసైజర్లు ఎన్నిసార్లు నొక్కారో లెక్కపెట్టుకుని అన్నిసార్లు వదిలాకే ఆపుతాయి, కొన్ని మొదటి వదిలే సందేశానికే ఆపేస్తాయి. మీరు వాడుతున్నది రెండో రకం.

మీరు చెప్పిన సందర్భంలో రెండు స్వరాలూ ఒకే క్షణంలో మొదలవుతున్నాయి కాబట్టి పరిష్కారం సులువు. కింది వాయిస్ జి ఒక్కదానికీ ప్లేబ్యాక్ ఆపేయండి. ఆ స్వరాన్ని ఎంచుకుని దాని లక్షణాల్లో చూస్తే మోగించాలా వద్దా అని అడిగే గడి ఉంటుంది. స్వరం కాగితం మీద అలాగే ఉంటుంది, వినికిడిలో హాఫ్ నోటు పూర్తిగా నిలుస్తుంది, ఎఫ్ తన చోట తాను మొదలవుతుంది. రచనలో ఇలాంటివి చాలా ఉంటే ఒక్కోదాన్ని వెతుక్కోవడం శ్రమ. డోరికోలో వాయిస్‌లను విడివిడిగా మోగించే ఏర్పాటు ఉంది, దాన్ని ఎంచుకుంటే రెండు వాయిస్‌లూ వేర్వేరు ఛానళ్లలోకి వెళ్తాయి, ఒకదాని సందేశం మరొకదాన్ని తాకదు.

పై వాయిస్ జి మోగుతుండగా కింది వాయిస్‌లో జి రెండో బీటు మీద మొదలైతే మాత్రం ఈ రెండు పద్ధతులూ తగవు. ఛానళ్లు వేరు చేస్తే ఒకే తీగ రెండుసార్లు ఒకేసారి మోగుతున్నట్టు, ఏ పియానో మీదా సాధ్యంకాని ధ్వని వస్తుంది. వాద్యకారుడికి ఉన్నది ఒక్కటే జి కీ. దాన్ని వదిలి మళ్లీ కొట్టక తప్పదు. అలాంటి చోట పై వాయిస్ జి మోగే నిడివిని రెండో బీటుకు కొద్దిగా ముందే ముగిసేలా పియానో రోల్‌లో కుదించండి. కింది వాయిస్ జిని, పై వాయిస్ రాసిన నిడివి ఎక్కడ పూర్తవుతుందో అక్కడి దాకా సాగదీయండి. టెంపో 60 దగ్గర 480 టిక్కుల లెక్కన మొదటి జి 450వ టిక్కు దగ్గర ఆగితే, కీ పైకి లేచి మళ్లీ దిగడానికి 62 మిల్లీసెకన్లకు పైగా దొరుకుతుంది, మళ్లీ కొట్టిన దెబ్బ స్పష్టంగా వినిపిస్తుంది.